డబ్బా మీద చీటీ

పంచుకొని తినమని పిల్లలకు నేర్పేది మేమే. గత వేసవి దీనీ శిబిరంలో దస్తర్‌ఖాన్ పరచిన కొద్దిసేపటికే ఎనిమిదేళ్ల బాలుడొకడు తోటివాడి డబ్బాలోని మిర్చీ కా సాలన్‌తో రొట్టె ముక్క తిన్నాడు. నిమిషాల్లో పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందక తల్లడిల్లాడు. అతనికి వేరుశనగ పడదని మాకెవరికీ తెలియదు. మేము వ్రాసుకొన్న ఫోన్ నంబరు పలకలేదు. సంచిలో వేరొకటి లేదు. ఆసుపత్రిలో సూదిమందు వేశాక కోలుకున్నాడు, అల్‌హమ్దులిల్లాహ్.

సాలన్‌లోనూ, బగారా బైంగన్‌లోనూ పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరి కలుపుతాము. కంటికి కనబడవు. దుకాణంలో కొనే పొట్లంలో వేరుశనగ, పాలు, గుడ్లు, చేపలు, సోయా ఉంటే పైన ముద్రించాలని 2020 నాటి లేబులింగు నిబంధనలు ఆదేశిస్తున్నాయి. ఇంటి డబ్బాకు చీటీ అంటించవలసింది మనమే.

పెళ్లిలో ఇచ్చే గిన్నెలపై పేర్లు చెక్కించడం మన ఇళ్లలో ఉన్నదే. పిల్లల డబ్బా మూతపైనా చెక్కించండి. పక్కన పడని పదార్థం పేరు తెలుగులోనూ, ఉర్దూలోనూ వ్రాసి అంటించండి. సంచికి మాత్రం పేరు, ఫోన్ నంబరు లోపలివైపే ఉండాలి. వీధిలో అపరిచితుడు పేరుపెట్టి పిలిస్తే పసివారు తెలిసినవాడే అనుకొంటారు. ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలరుపై పేరు, వైద్యుడు చెప్పిన మోతాదు వ్రాసి ఉపాధ్యాయుని చేతికే ఇవ్వండి.

ఈ వేసవి మేము పంచుకోవడం మానిపించలేదు. మూత తీసేముందు ఎవరి చీటీ వారు చదివి వినిపించాలన్నాము. ఆ బాలుడు మళ్లీ వచ్చాడు. అందరికంటే బిగ్గరగా చదువుతున్నాడు.