ఇంట్లో పాట రికార్డు చేయడానికి ఆడియో ఇంటర్‌ఫేస్ ఎందుకు? ఎలా ఎంచుకోవాలి?

ఎందుకు?
మైకు ముందు పాడితే అందులో పుట్టే విద్యుత్తు చాలా తక్కువ, కొన్ని మిల్లీవోల్టులే. కంప్యూటర్‌కు అర్థమయ్యేవేమో అంకెలు. ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఆ విద్యుత్తును ముందు పెంచుతుంది, తర్వాత సెకనుకు 44,100 సార్లో, అంతకన్నా ఎక్కువసార్లో కొలిచి అంకెలుగా మారుస్తుంది.

ఎలా?
ఒక్కరే పాడితే ఒక మైకు ఇన్‌పుట్ చాలు. పాటా గిటారూ ఒకేసారి కావాలంటే రెండు ఇన్‌పుట్‌లుండాలి. స్టూడియో కండెన్సర్ మైకులకు సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోనే అందే కరెంటు) కావాలి; మీది అలాంటి మైకైతే అది ఇచ్చే ఇంటర్‌ఫేస్ తీసుకోండి. బయటికి తీసుకెళ్లాలంటే యూఎస్‌బీ తీగతోనే కరెంటు అందేది మేలు. మీ గొంతు ఆలస్యం లేకుండా హెడ్‌ఫోన్‌లో వినాలంటే డైరెక్ట్ మానిటరింగ్ ఉందో లేదో చూడండి.

పాడేటప్పుడు ఇంటర్‌ఫేస్ మీది ఎర్ర దీపం వెలిగితే వెంటనే గెయిన్ (మైకు విద్యుత్తును పెంచే స్థాయి) తగ్గించండి. పగిలిన శబ్దాన్ని తర్వాత బాగుచేయడం చాలా కష్టం.