బోనెక్కిన డాక్టరు

శ్రీకాకుళం వైపు ఎవరైనా తిక్కతిక్కగా మాట్లాడితే ‘చినవాల్తేరు పంపించాలి’ అంటారు. హైదరాబాదువాళ్లకు ఎర్రగడ్డ ఎలాగో, మాకు విశాఖలోని ఆ మానసిక వైద్యశాల అలాగ. శ్రీముఖలింగంలో, వంశధార ఒడ్డున ఒక హత్య జరిగిందనుకుందాం. నిందితుడికి మతిస్థిమితం లేదని వకీలు అంటే, పరిశీలనకు పంపేది చాలావరకు అక్కడికే.

డాక్టరు ఎదురుగా కూర్చుంటాడు. నిద్ర పడుతోందా, చెవిలో మాటలు వినిపిస్తున్నాయా అని అడుగుతాడు. తెల్లకోటు కనబడితే మనవాళ్లు కడుపులో ఉన్నదంతా చెప్పేస్తారు. కానీ ఈ డాక్టరు వచ్చింది విన్నది కోర్టుకు రాయడానికి. ఆ సంగతి ముందే చెప్పాలా?

చెప్పకపోతే ఏమవుతుందో టెక్సాస్‌లో తేలింది. 1973 నాటి ఒక దోపిడీ హత్య కేసులో జేమ్స్ గ్రిగ్సన్ అనే సైకియాట్రిస్టు జైల్లో నిందితుడితో గంటన్నర మాట్లాడాడు. విచారణ అర్థం చేసుకోగలడో లేదో చూడటం వరకే ఆయనకు అప్పగించిన పని. తీరా శిక్ష ఖరారు చేసేటప్పుడు ఆయనే బోనెక్కి, వీడు మారే రకం కాదన్నాడు. మరణశిక్ష పడింది. నీ మాటలు నీకే ఎదురు తిరగవచ్చని నిందితుడికి ఎవరూ చెప్పలేదని కింది కోర్టులు ఆ శిక్షను కొట్టేస్తే, 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. గ్రిగ్సన్ ఆగితేగా! అసలు చూడని మనుషులను కూడా నూటికి నూరుపాళ్లు ప్రమాదకరమని చెబుతూ పోయాడు. 1995లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం ఆయన్ను వెళ్లగొట్టింది.

ఇక మన దగ్గరికొస్తే, చట్టం జబ్బు పేరు అడగదు. పాత ఐపీసీ 84, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ అడిగేది ఒకటే: ఆ క్షణాన తను చేస్తున్నదేమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలియని స్థితిలో ఉన్నాడా? మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన మినహాయింపు రాదని సురేంద్ర మిశ్రా కేసులో 2011లో మన సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టరేమో నెలలు గడిచాక, మందులు పడ్డాక చూస్తాడు. పాత చీటీలు వెతుక్కోవాలి, ఇంటివాళ్లను అడగాలి. జబ్బు ఉందనే వరకే ఆయన వంతు, శిక్ష వద్దా కావాలా అన్నది జడ్జీగారిది.

ఉత్తరాంధ్రలో అసలు చిక్కు చిల్లంగి, అంటే చేతబడి. పొరుగింటి ముసలాయన చిల్లంగి పెట్టాడని నమ్మి చంపినవాడికి భ్రాంతి ఉన్నట్టా? ఊరంతా నమ్మేదాన్ని సైకియాట్రీ భ్రాంతి అనదు. ‘మేమెవరమూ అలా అనుకోలేదు, వీడికే ఏదో అయింది’ అని ఊరివాళ్లే అంటే అప్పుడు అనుమానించాలి. ఇది జబ్బు కాదు, నమ్మకమేనని చెప్పిన డాక్టరు నిందితుడి వకీలుకు నచ్చడు. నా దృష్టిలో ఆయనే అసలు సాక్షి.

ఏది జబ్బో, ఏది నమ్మకమో మనిషిని చూడకుండా తేలదు. 2021 జనవరిలో మదనపల్లెలో ఇద్దరు కూతుళ్లను చంపారన్న కేసులో తల్లిదండ్రులను తిరుపతి రుయా ఆసుపత్రిలో చూసి, విశాఖకు తరలించారు. ఈలోగానే టీవీ చర్చల్లో జబ్బుల పేర్లు తిరిగేశాయి. స్వయంగా చూడని మనిషికి జబ్బు అంటగట్టకూడదని గ్రిగ్సన్ను వెళ్లగొట్టిన ఆ అమెరికా సంఘమే 1973లో నియమం పెట్టుకుంది.

వైద్యం చేసినాయన సాక్ష్యానికి వెళ్లకూడదన్నది మంచి సూత్రమే. మన జిల్లాల్లో సైకియాట్రిస్టులు ఎంతమంది కనక? మందు రాసినాయనే బోనెక్కాల్సి వస్తుంది. అలాంటప్పుడు కనీసం మొదటిరోజే, అతని యాసలోనే చెప్పాలి: ‘చూడు నాయనా, నువ్వు చెప్పింది నేను కోర్టుకు రాస్తాను. ఇష్టం లేకపోతే చెప్పకు.’ అప్పుడా మనిషి ఇలా అడగొచ్చు: ‘మరైతే నాకు మందెవులిస్తారు బాబూ?’