నేలతాడిని గుర్తుపట్టడం, గింజ తీయడం

మూలికల కొట్టుకు వెళ్ళి నేలతాడి అని అడగండి. నల్లగా ఎండిన వేలెడేసి గడ్డముక్కలు పొట్లం కట్టి ఇస్తారు. సంస్కృతంలో తాలమూలి, హిందీవాళ్ళు కాలీ ముస్లీ అనేది దీన్నే. బలానికని ఇళ్ళలో వాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం మనలో ఎంతమంది చూసి ఉంటాం?

నేను చూశాననే అనుకున్నాను. మైలవరం దగ్గర మా మరిదిగారి మామిడితోటలో చెట్టుకింద గడ్డిలాంటి మొక్క కనిపిస్తే, నేలతాడే కదా అని తెచ్చి కుండీలో పెట్టాను. రెండేళ్ళు నీళ్ళు పోశాను. మూడో ఏట ముళ్ళు వచ్చాయి. ఈత మొక్క! మా అత్తగారు, "మేడమీద ఈతవనం వేశావేమిటమ్మా" అని ఇప్పటికీ నవ్వుతారు.

అందుకని ముందు గుర్తులు చెప్తాను. నేలతాడికి పైకి కాండం ఉండదు. ఆకులు నేలలోంచే లేస్తాయి. జానెడు మొదలు మూరెడు దాకా పొడుగు, నిలువునా మడతలు, అచ్చం తాటిమొలక ఆకులాగే. ఆ పేరు వచ్చిందీ అందుకే. అయితే ఈతాకు బిరుసు, వంచితే ఎదురు తిరుగుతుంది. నేలతాడి ఆకు పలచన, మెత్తన. వానలు పడగానే లేచి, తడి ఆరాక ఎండిపోతుంది. కింద గడ్డ మాత్రం బతికే ఉంటుంది. వేసవిలో కూడా పచ్చగా నిలిస్తే అనుమానించండి. నేనా మాట పట్టించుకుని ఉంటే రెండేళ్ళ నీళ్ళు మిగిలేవి.

అసలు గుర్తు పువ్వు. వానాకాలంలో ఆకుల మొదట్లో, నేలను అంటుకుని, ఆరు రేకుల పసుపుపచ్చని నక్షత్రంలా పూస్తుంది. తెల్లముస్లీ వేరు. దాని పూలు తెల్లన, కాడమీద ఎత్తుగా వస్తాయి.

ఇక గింజ. కష్టమంతా ఇక్కడే ఉంది. పువ్వుకింద కాడలా కనిపించేది నిజానికి కాడ కాదు, పిందెకున్న పొడుగాటి మెడ. పిందె మట్టిలోనే, ఆకుల మొదళ్ళ మధ్య దాగి ఉంటుంది. పువ్వు వాడాక పైన ఆనవాలే ఉండదు. కాబట్టి పువ్వు ఉండగానే పక్కన ఒక చీపురుపుల్ల గుచ్చి పెట్టుకోండి. కొన్ని వారాలు ఆగి, చెంచా తోకతో మెల్లగా మట్టి తీస్తే సెంటీమీటరు పొడుగున మెత్తని కాయ తగులుతుంది. ఒకటి నుంచి నాలుగు గింజలుంటాయి, అంతే. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటినిండా అలల్లాంటి గీతలు, కొసన చిన్న ముక్కు. 1788లో గార్ట్నర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికి కర్కులిగో అని పేరు పెట్టాడు. ఆ మాట లాటిన్‌లో ముక్కుపురుగు పేరునుంచి వచ్చింది. మన బియ్యం డబ్బాలో తిరిగేదాని జాతే! ఆ ముక్కు చూస్తే మీకూ అదే గుర్తొస్తుంది.

ఇంత అవస్థ ఎందుకు, గడ్డే తవ్వుకోవచ్చుగా అంటారేమో. గడ్డ నిలువుగా ఒక్కటే దిగుతుంది. అది తీస్తే మొక్క పోయినట్టే. ఆకు కనబడే వానాకాలంలోనే తవ్వుతారు, అంటే గింజ రాలకముందే. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కర్ర దొరకడం ఎంత కష్టమైపోయిందో మనకు తెలుసు. గడ్డ సంగతీ ఆ దారే పడుతోంది. ఇంకో మాట. రిజర్వు అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ తీయకూడదు. సొంత తోటలోనో, తెలిసినవారి తోటలోనో వెతకండి. అక్కడైనా సగం కాయలు వదిలేసి, మట్టి మళ్ళీ కప్పండి.

గింజను ఎండబెట్టి దాచకుండా వెంటనే ఇసుక, ఆకుఎరువు కలిపిన కుండీలో నీడపట్టున వేయండి. నీళ్ళు నిలవకూడదు. అన్నీ మొలవవు. పోయినేడు నాకు పదకొండు గింజలు దొరికితే నాలుగే మొలిచాయి. వాటిని ఈత మొక్క పక్కనే పెట్టాను. దాన్ని పీకెయ్యడానికి మనసొప్పలేదు.