నాలుకకో కోత, అర్థానికో కోత

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర జావా నేర్చుకునే కుర్రాడికి పాలిమార్ఫిజం గుండెలో రాయి. ఒక్క మెట్రో స్టేషన్ దాటితే పంజాగుట్ట. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో ఓపీ చీటీ పట్టుకున్న పెద్దాయనకు గ్యాస్ట్రోఎంటరాలజీ నోరు తిరగదు. విడగొడితే రెండూ లొంగుతాయి. కాకపోతే పలకడానికి విడగొట్టడం వేరు, అర్థానికి విడగొట్టడం వేరు.

ముందు పలకడం సంగతి. ఇంగ్లీషులో ఒక్కో అచ్చు ధ్వనికి ఒక్కో సిలబుల్. మాటను తెలుగులో రాసుకుని, పొల్లు హల్లులు వదిలేసి అక్షరాలు లెక్కపెడితే చాలావరకు సరిపోతుంది. గ్యా-స్ట్రో-ఎం-ట-రా-ల-జీ: ఏడు. ఇంగ్లీషులోనూ ఏడే. ఇన్‌స్టిట్యూట్‌లో న్, ట్ పక్కన పెడితే మూడు. కంఫర్టబుల్ దగ్గర మాత్రం లెక్క తప్పుతుంది; మనం నాలుగు పలికేచోట చాలామంది ఇంగ్లీషువాళ్లు మూడుతో సరిపెడతారు.

అసలు చిక్కు ఒత్తి పలకడంలో ఉంది. మనం అన్ని అక్షరాలనూ ఇంచుమించు సమానంగా లాగించేస్తాం. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘లజీ’తో ముగిసే ఇలాంటి మాటల్లో చివరినుంచి మూడో సిలబుల్‌ను ఒత్తాలి: న్యూరాలజీలో రా, కార్డియాలజీలో యా, నెఫ్రాలజీలో ఫ్రా. తెలుగులో మనమూ అక్కడ దీర్ఘమిస్తాం! చివరి జీకి కూడా దీర్ఘమిస్తాం గానీ, ఇంగ్లీషులో అది తేలిపోతుంది.

ఇక అర్థం. పాలి అంటే అనేకం, మార్ఫ్ అంటే రూపం, రెండూ గ్రీకువే. జావాలో ఒకే పేరున్న మెథడ్ ఆబ్జెక్టును బట్టి వేరువేరుగా పనిచేయడం ఆ బహురూపమే. మార్ఫ్ పక్కన ఇజం చేరగానే ఫ్ వెళ్లి ఇకారానికి అంటుకుని ‘ఫిజం’ అయింది. రాముడు, ఇతడు కలిసి రాముడితడు అయినప్పుడు డకారం చేసిన పనే ఇది. అందుకే పలికే ముక్కల్లో అర్థం వెతికితే దొరకదు. ఫిజం అనే ముక్కకు అర్థమేమీ లేదు. గ్యాస్ట్రో పొట్ట, ఎంటరో పేగులు, లజీ శాస్త్రం అని తెలిస్తే మాత్రం ఆ మాట భయపెట్టదు.

అర్థపు ముక్కల్నీ గుడ్డిగా నమ్మకూడదు. నిమ్స్ ఒకప్పుడు ఎముకల ఆసుపత్రి, పేరులోనే ఆర్థోపెడిక్ ఉండేది. ఆ ‘పెడ్’ చూస్తే సైకిల్ పెడల్‌లోని పాదం గుర్తొస్తుంది. కానీ పెడల్ లాటిన్‌ది, ఇది గ్రీకుది. ఇక్కడ అర్థం బిడ్డ. ఆర్థో అంటే తిన్నని. పిల్లల అంగవైకల్యాలు సరిచేయడం గురించి రాస్తూ ఫ్రెంచి వైద్యుడు నికోలాస్ ఆండ్రీ 1741లో ఈ మాట పుట్టించాడు. ఇప్పుడు డెబ్భై ఏళ్ల మోకాలు కూడా ఆ విభాగానికే వెళ్తుంది. ముక్కలతో ఊహించాక ఒకసారి డిక్షనరీ తిరగేయాలి.