సూర్యుడి గాలిలో సుడులు

తమిళనాడులోని ధర్మపురి జిల్లా మహేంద్రమంగళంలో ఏటా రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ ఆగస్టులోనూ, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మనిషి నీడ కాళ్ల కిందే దాక్కుంటుంది. ఆ ఎండ సూర్యుణ్ణి వదిలి ఎనిమిది నిమిషాలే. సూర్యుడి గాలికి, అంటే సూర్యపవనానికి మాత్రం, సెకనుకు 400 కిలోమీటర్లు పరిగెత్తినా, నాలుగు రోజుల ప్రయాణం. వచ్చినా ఊళ్లో అడుగుపెట్టదు. భూమి అయస్కాంతం దాన్ని మామూలుగా 60 వేల కిలోమీటర్ల ఎత్తునే పక్కకు తోసేస్తుంది.

గాలి అన్నామే గానీ అది విద్యుదావేశం ఉన్న కణాల పరుగు. భూమి దగ్గర ఘన సెంటీమీటరుకు మామూలుగా ఐదారు కణాలే. సూర్యుడి అయస్కాంత రేఖల్ని వెంట లాక్కుంటూ వస్తుంది, అదీ సాఫీగా కాదు. ఇదే జిల్లాలో హొగెనక్కల్ దగ్గర కావేరిలో పుట్టి ఎక్కినవాళ్లకు (అక్కడ పరిసల్ అంటారు) చెప్పక్కర్లేదు: పెద్ద సుడి చిన్న సుడులుగా, అవి మరీ చిన్నవిగా చీలి, చివరికి వేడిగా మారిపోతాయి. నీళ్లలో ఆ వేడి చేతికి తెలియదు. సూర్యపవనంలో లెక్కకు తెలుస్తుంది. దూరం వెళ్లేకొద్దీ అది చల్లారాల్సినంతగా చల్లారదు మరి! సుడి చిన్నదయ్యేకొద్దీ శక్తి ఎలా తగ్గుతుందో 1941లో గణితజ్ఞుడు కొల్మొగొరోవ్ కట్టిన లెక్కలోని 5/3 అనే సంఖ్యే గ్రహాల నడుమ తీసిన అయస్కాంత కొలతల్లోనూ తేలింది. కణాలు ఢీకొనడమే అరుదైన చోట వేడి ఎలా పుడుతోందన్నది మాత్రం ఇంకా తెగని పంచాయితీ.

ఇలాంటి గాలి ఉందని 1958లో భౌతిక శాస్త్రజ్ఞుడు యూజీన్ పార్కర్ రాస్తే సమీక్షకులు కొట్టిపారేశారు. పత్రిక సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కూ నమ్మకం కుదరలేదు. అయినా గణితంలో తప్పు దొరకలేదని అచ్చువేశారు. 2018లో పార్కర్ పేరుతోనే అంతరిక్ష నౌక ఎగిరింది. అయస్కాంత రేఖలు ఉన్నట్టుండి వెనక్కి మడతపడి మళ్లీ సర్దుకోవడం సూర్యుడి దగ్గర్లో దానికి పదేపదే కనిపించింది.

ఈ గాలిని నేల మీది నుంచీ గమనించవచ్చు. నీలగిరుల్లో ఊటీ రేడియో టెలిస్కోపు పొడవు 530 మీటర్లు. మన గాలి వల్ల నక్షత్రాలు మిణుకుమన్నట్టే, సూర్యపవనంలోని ఒత్తూపలచల వల్ల దూరపు రేడియో మూలాలు మిణుకుమంటాయి. ఆ మిణుకును బట్టే ఈ టెలిస్కోపు సూర్యపవనం వేగం కడుతుంది.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 నౌక ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఆ గాలిలోనే ఉంది. దాని అయస్కాంత మాపకాన్ని 6 మీటర్ల చేతికి తగిలించారు. కొలవాల్సింది ఏ ఐదు నానోటెస్లాలో (మన నేల మీద 40 వేలు), నౌక సొంత అయస్కాంతత్వమే దాన్ని మింగేయగలదు.

ఈ గాలిలో నాలుగైదు శాతం హీలియం కేంద్రకాలు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణం చూడ్డానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. ఆనాటి గ్రహణంలో సూర్యుడి వర్ణపటంలో పరిశీలకుల కంటపడ్డ పసుపు గీతకు కారణమైన మూలకానికే తర్వాత హీలియం అన్న పేరు దక్కింది.