కోరంగి రేవు నుంచి వరల్డ్ కప్ దాకా: వికాస్ దొరసూ ఆట మన పిల్లలకు చెప్పేది ఏమిటి?

నక్కపల్లి (అనకాపల్లి జిల్లా): 2006 జూన్ 18. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మ్యాచ్. ఒకవైపు ఫ్రాన్స్, మరోవైపు దక్షిణ కొరియా. తొమ్మిదో నిమిషంలో థియరీ హెన్రీ గోల్ కొట్టాడు. ఇక ఫ్రాన్స్‌దే గెలుపు అనుకుంటుండగా 81వ నిమిషంలో కొరియా ఆటగాడు పార్క్ జీ సంగ్ స్కోరు సమం చేశాడు. మ్యాచ్ ముగియడానికి రెండు నిమిషాల ముందు ఫ్రాన్స్ కోచ్ ఫ్లోరాన్ మలూదాను వెనక్కి పిలిచి, బెంచీ మీద ఉన్న ఒక సన్నటి మిడ్‌ఫీల్డర్‌ను లోపలికి పంపాడు. అతని పేరు వికాస్ దొరసూ. వేసుకున్నది ఫ్రాన్స్ జెర్సీయే అయినా, అతని మూలాలు తెలుగు నేలవి.

ఆ కాసేపటి ఆట వెనుక చాలా పెద్ద ప్రయాణం ఉంది. పిల్లాడు బంతి బాగా ఆడుతున్నాడు, విదేశాలకు పంపితే ఎలా ఉంటుందని ఆలోచించే ప్రతి కుటుంబమూ తెలుసుకోవాల్సిన సంగతులు అందులో ఉన్నాయి.

సముద్రం దాటిన తెలుగువాళ్లు

నక్కపల్లి దగ్గర హైవే దిగి తూర్పుకు వెళ్తే సముద్రమే. పాత విశాఖపట్నం జిల్లాలోని ఈ తీరం నుంచీ, ఇటు గంజాం, అటు గోదావరి ప్రాంతాల నుంచీ 19వ శతాబ్దంలో వేలాది మంది తెలుగువాళ్లు ఓడలెక్కి మారిషస్ వెళ్లారు. బానిసత్వం రద్దయ్యాక అక్కడి చెరకు తోటల్లో పనికి మనుషులు కావాల్సి వచ్చింది. 1834 నుంచి 20వ శతాబ్దం తొలి ఏళ్ల దాకా మన దేశం నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది కూలి ఒప్పందం మీద ఆ దీవికి చేరారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువ కావడంతో మారిషస్‌లో తెలుగువాళ్లకు 'కోరంగీలు' అనే పేరే పడిపోయింది.

అలాంటి తెలుగు మూలాలున్న మారిషస్ కుటుంబంలోని వాడే వికాస్. కుటుంబం మారిషస్ నుంచి ఫ్రాన్స్‌కు వలస వెళ్లింది. అక్కడ లె హావ్ర్ ఓడరేవును ఆనుకుని ఉన్న అర్‌ఫ్లర్ అనే చిన్న పట్టణంలో 1973 అక్టోబర్ 10న వికాస్ పుట్టాడు. ఒక రేవులో మొదలైన వలస కథ తరాల తర్వాత ఇంకో రేవు పక్కన స్థిరపడింది. గల్ఫ్‌కు పోయిన వాళ్లున్న ఇళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

టాలెంట్ ఒక్కటే కాదు, ఏర్పాటు కూడా ఉండాలి

వికాస్‌కు దొరికిన అదృష్టం ఏమిటంటే, ఇంటికి దగ్గర్లోనే ఒక మంచి క్లబ్ ఉండటం. లె హావ్ర్ క్లబ్‌కు 1872 నాటిదని, ఫ్రాన్స్‌లోకెల్లా పాతదని పేరు. పెద్ద స్టార్లను కొనే డబ్బు దానికి లేదు. అందుకే చిన్న పిల్లలను తీర్చిదిద్దడం మీద దృష్టి పెట్టింది. తర్వాతి కాలంలో పాల్ పోగ్బా కూడా ఇక్కడి అకాడమీలోనే పెరిగి మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాడు.

ఫ్రాన్స్‌లో 1970ల మొదట్లోనే ఒక పద్ధతి వచ్చింది. ప్రొఫెషనల్ క్లబ్‌లు పిల్లలకు శిక్షణ కేంద్రాలు నడపాలి. ఎంపికైన పిల్లాడు అక్కడే ఆడతాడు, అక్కడి నుంచే బడికి వెళ్తాడు. ఆట కుదరకపోయినా చదువు చేతిలో మిగలాలన్నది దీని వెనుక ఆలోచన. ఎందుకంటే అకాడమీలో చేరిన పిల్లల్లో ప్రొఫెషనల్ దాకా వెళ్లేది కొద్దిమందే.

క్లబ్‌లు ఇంత ఖర్చు ఊరికే పెట్టవు మరి. పిల్లాడు పెద్ద ఆటగాడైతే ఆ డబ్బు తిరిగొచ్చే దారి ఉంది. ఈనాటి ఫిఫా నిబంధనల ప్రకారం, ఒక ఆటగాడు ఒప్పందం మధ్యలో ఒక దేశపు క్లబ్ నుంచి మరో దేశపు క్లబ్‌కు డబ్బుకు మారితే, ఆ మొత్తంలో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్‌ల మధ్య పంచాలి. అంటే చిన్న ఊరి క్లబ్ నేర్పిన ఆటకూ విలువ కట్టే లెక్క ఉందన్నమాట.

ఎక్కిన మెట్లు

1993లో లె హావ్ర్ తరఫున వికాస్ ప్రొఫెషనల్ ఆట మొదలైంది. ఎత్తు, బలం కన్నా బంతి మీద అదుపు, చూసి ఇచ్చే పాస్‌లు అతని ఆస్తి. 1998లో లియోన్ క్లబ్ అతన్ని తీసుకుంది. 1999లో ఫ్రాన్స్ జాతీయ జట్టులో తొలిసారి ఆడాడు. కానీ అది జిదాన్ లాంటి వాళ్లున్న జట్టు. మిడ్‌ఫీల్డ్‌లో చోటు దొరకడం కష్టం. ఆ తర్వాత కొన్నేళ్లపాటు జాతీయ జట్టు నుంచి పిలుపే లేదు.

మధ్యలో 2001-02లో ఒక సీజన్ బోర్డో క్లబ్‌కు అప్పుగా వెళ్లాడు. తిరిగొచ్చాక 2003, 2004లో వరసగా లియోన్‌తో ఫ్రెంచ్ లీగ్ టైటిల్ గెలిచాడు. 2004లో ఇటలీలోని ఏసీ మిలాన్‌కు మారాడు. పేరు పెద్దది, ఆడే అవకాశం చిన్నది. ఏడాదికే ఫ్రాన్స్‌కు తిరిగొచ్చి పారిస్ క్లబ్ పీఎస్‌జీలో చేరాడు. 2006 ఏప్రిల్ 29న ఫ్రెంచ్ కప్ ఫైనల్లో మార్సెయ్ మీద దూరం నుంచి అతను కొట్టిన గోల్‌తో పీఎస్‌జీ 2-1తో కప్పు గెలిచింది. ఆ ఊపులోనే వరల్డ్ కప్ జట్టులో చోటు దొరికింది.

బెంచీ మీద కూర్చోవడం అంటే

వరల్డ్ కప్‌కు వెళ్లడం ఒకటి, వరల్డ్ కప్‌లో ఆడటం ఒకటి. స్విట్జర్లాండ్‌తో మొదటి మ్యాచ్‌లో ఆఖర్లో దింపారు. కొరియాతో రెండో మ్యాచ్‌లోనూ ఆఖర్లోనే. అంతే. ఫ్రాన్స్ ఫైనల్ దాకా వెళ్లింది, జూలై 9న బెర్లిన్‌లో ఇటలీ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. వికాస్ మాత్రం మళ్లీ గ్రౌండ్‌లోకి దిగలేదు.

ఆ టోర్నీలో అతను ఒక చిన్న కెమెరా దగ్గర పెట్టుకున్నాడు. హోటల్ గదిలో, బస్సులో తన ఒంటరితనాన్ని తనే చిత్రీకరించాడు. దర్శకుడు ఫ్రెడ్ పూలేతో కలిసి దాన్ని 'సబ్‌స్టిట్యూట్' పేరుతో సినిమాగా తెచ్చాడు. కోట్లాది మంది కలలుగనే చోటుకు చేరిన మనిషి కూడా అక్కడ ఎంత ఒంటరిగా ఉండొచ్చో ఆ సినిమా చూపిస్తుంది.

వరల్డ్ కప్ ముగిసిన మూడు నెలలకే పీఎస్‌జీ కోచ్‌తో పొసగక గొడవైంది. పత్రికలో బహిరంగంగా మాట్లాడాడు. 2006 అక్టోబర్‌లో క్లబ్ అతన్ని తొలగించింది. తర్వాత ఇటలీలోని లివోర్నోలో చేరినా ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆట నుంచి తప్పుకున్నాడు. ఫ్రాన్స్ తరఫున మొత్తం 18 మ్యాచ్‌లు, ఒక గోల్. వరల్డ్ కప్ బెంచీ నుంచి రిటైర్మెంట్‌కు రెండేళ్లు కూడా పట్టలేదు.

మన దగ్గర ఆట లేకనా?

మన దగ్గర ఆటగాళ్లు పుట్టరనుకుంటే పొరపాటు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ ఇదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం గెలిచింది. ఆ జట్టు కోచ్ మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును దేశంలోనే మేటిగా నిలిపిన మనిషి ఆయన. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు కూడా కోచ్ ఆయనే. క్యాన్సర్‌తో పోరాడుతూనే జకార్తా వెళ్లొచ్చిన రహీం సాబ్ 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఆ తర్వాతి తరంలో హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ హబీబ్ 1966లో కలకత్తా వెళ్లాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడి 'బడే మియా' అనిపించుకున్నాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2తో నిలిచినప్పుడు, ఆ రెండింటిలో ఒక గోల్ హబీబ్‌దే. అప్పట్లో మన ఆటగాడికి కలకత్తాయే విదేశం. దానికి అవతల దారి ఉందని చెప్పేవాళ్లే లేరు.

ఇప్పుడు ఆ దారి కొంచెం తెరుచుకుంటోంది. నిజామాబాద్ జిల్లాలోని తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు ఎంపికైంది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌తో ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచింది. ఆడపిల్లకు ఆట ఎందుకనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

పిల్లలను విదేశీ క్లబ్‌లో చేర్పించడానికి ఫిఫా పెట్టిన హద్దులు గట్టివి. మామూలుగా 18 ఏళ్లు నిండని ఆటగాడు ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్‌కు మారడానికి వీల్లేదు. మినహాయింపులు కొన్నే. ముఖ్యమైనది: తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో, అంటే ఉద్యోగం లాంటి పనితో ఆ దేశానికి మారి ఉండాలి.

ఈ నిబంధన ఎంత గట్టిదో కొరియా కుర్రాడు లీ సుంగ్ వూ ఉదంతం చెబుతుంది. 1998లో పుట్టిన అతన్ని 2011లో బార్సిలోనా తన అకాడమీలోకి తీసుకుంది. మైనర్ల చేరికలో క్లబ్ నిబంధనలు మీరిందని ఫిఫా తేల్చడంతో ఆ పిల్లాడు అధికారిక మ్యాచ్‌లు ఆడకుండా ఆగిపోయాడు. 2016 జనవరిలో 18 నిండాకే మళ్లీ ఆడగలిగాడు. ఎదిగే వయసులోని ఏళ్లు అలా పోయాయి. ఆ తర్వాత ఇటలీ, బెల్జియం క్లబ్‌లు తిరిగి 2022లో స్వదేశంలోని సువాన్ క్లబ్‌లో చేరాడు. తప్పు పెద్దవాళ్లది, మూల్యం కట్టింది పిల్లాడు.

గల్ఫ్‌లో కుటుంబంతో ఉంటున్నవాళ్లకు మాత్రం దారి వేరు. తండ్రి ఉద్యోగం కోసమే వెళ్లాడు కాబట్టి, పిల్లాడు అక్కడి క్లబ్‌లో నమోదు కావడానికి అడ్డు ఉండనక్కర్లేదు. కేరళ మూలాలున్న తహసీన్ మహమ్మద్ జంషీద్ ఖతార్‌లోనే పెరిగి, అక్కడి అల్ దుహైల్ క్లబ్‌కు ఆడుతూ ఖతార్ జాతీయ జట్టు పిలుపు కూడా అందుకున్నాడు. ఇంకో మాట. భారత్ తరఫున ఆడాలంటే భారత పాస్‌పోర్టు ఉండాలి, ఓసీఐ కార్డు సరిపోదు.

'యూరప్ ట్రయల్స్' అంటూ డబ్బు అడిగేవాళ్లు వస్తే ముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఆ ఏజెంట్‌కు ఫిఫా లైసెన్స్ ఉందా? ఆ పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. పిలుపు నేరుగా క్లబ్ నుంచి రాతపూర్వకంగా వచ్చిందా? పిల్లాడి వయసుకు నిబంధన ఒప్పుకుంటుందా? ఈ మూడింటికీ జవాబు రాకముందే పొలం అమ్మడం, బంగారం తాకట్టు పెట్టడం తొందరపాటే అవుతుంది.

వికాస్ వరల్డ్ కప్ దాకా వెళ్లింది రక్తంలో ఏదో ఉండి కాదు. ఇంటి దగ్గర ఒక క్లబ్, ఆటతోపాటు ఒక బడి, ఓపికగా నేర్పే కోచ్‌లు ఉన్నారు కాబట్టి. అన్నీ ఉన్నా ఆట ముప్పై నాలుగేళ్లకే అయిపోయింది. నక్కపల్లిలో బంతి తంతున్న పిల్లాడికీ ముందు కావాల్సింది వీసా కాదు. ఊళ్లో ఒక గ్రౌండ్, వారానికి నాలుగు రోజులైనా వచ్చే కోచ్, సాయంత్రం ఇంటికొచ్చాక తెరిచే పుస్తకం.