'సెంట్' అని వచ్చింది సరే.. చేరిందా?

మీరు ఒక మెయిల్ పంపారు. తెరపై 'సెంట్' అని కనిపించింది. పని అయిపోయిందనుకున్నారు. కానీ పంపడం వేరు, అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లోకి చేరడం వేరు. ఈ తేడా తెలియక పోయిన సీజన్‌లో మా ఇంట్లో పసుపు దాదాపు గోదాంలోనే ఉండిపోయేది.

మాది ముప్కాల్. ఆర్మూర్ నుంచి నిర్మల్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. పసుపు తవ్వే రోజులొస్తే ఎక్కడ చూసినా ఆరబోసిన కొమ్ములే. మా చిన్నాన్న కొడుకు డిగ్రీ పూర్తిచేసి, 'పంటంతా నిజామాబాద్ యార్డుకే ఎందుకు? కొంత పొడి పట్టించి మనమే అమ్ముదాం' అన్నాడు. చిన్నాన్న ఐదు క్వింటాళ్లు ఆపాడు. ప్యాకెట్లకు, పట్టించడానికి అప్పు తెచ్చాడు. మావాడు ఎవరి దగ్గరో వెయ్యి మెయిల్ ఐడీలు కొని, ఒకేసారి అందరికీ ఆఫర్ పంపాడు. వారమైనా ఒక్క ఆర్డర్ లేదు.

'అన్నా, వెయ్యి మందికి పంపిన. ఒక్కలు గూడ జవాబియ్యలే. మన పసుపు నచ్చలేదంటవా?' అని ఫోన్ చేశాడు.

'నచ్చకపోవుడు కాదు తమ్మీ, వాళ్లు చూడనే లేదు' అన్నాను. నాకు వచ్చిన కాపీ కూడా స్పామ్ ఫోల్డర్‌లోనే ఉంది మరి!

ఎందుకిలా జరుగుతుంది?

అడగని మెయిళ్ల బాధ కొత్తదేం కాదు. 1978 మే 3న గ్యారీ థర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి తమ కంపెనీ కంప్యూటర్ల గురించి ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి సందేశం పంపాడు. తొలి స్పామ్‌గా దాన్నే చెబుతారు. పైగా, మెయిల్ వ్యవస్థ పుట్టినప్పుడు పంపినవారి పేరు నిజమో కాదో చూసే ఏర్పాటు లేదు. ఎవరైనా ఎవరి పేరుతోనైనా పంపొచ్చు. ఆ లోటు పూడ్చడానికి తర్వాత మూడు తాళాలు వచ్చాయి.

మూడు తాళాలు

పసుపు బస్తాతో పోల్చి చూద్దాం.

ఎస్‌పీఎఫ్: 'మా పేరుతో సరుకు తెచ్చే బండ్లు ఇవే' అని ముందే ఇచ్చే జాబితా. మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో డీఎన్‌ఎస్‌లో రాసిపెడతారు. ఒక డొమైన్‌కు ఒక్క ఎస్‌పీఎఫ్ రికార్డే ఉండాలి. రెండు పెడితే అసలుకే మోసం.

డీకిమ్: బస్తా మూతికి వేసే సీలు. మీ సర్వర్ ప్రతి మెయిల్ మీద రహస్య తాళంచెవితో సంతకం చేస్తుంది. దాన్ని సరిచూసే తాళంచెవి మీ డీఎన్‌ఎస్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది. దారిలో ఎవరైనా మెయిల్‌ను మారిస్తే సంతకం సరిపోదు.

డీమార్క్: బస్తా మీద రాసిన పేరుకూ, బండికీ, సీలుకూ పొంతన లేకపోతే ఏం చేయాలో చెప్పే సూచన. చదివేవాళ్లకు కనిపించే 'ఫ్రమ్' చిరునామా డొమైన్, ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ నెగ్గిన డొమైన్‌తో కలవాలి. కలవకపోతే 'వదిలేయండి', 'స్పామ్‌లో వేయండి', 'తిప్పి పంపండి' అనే మూడింటిలో ఏదో ఒకటి మీరే చెప్పొచ్చు. కొత్తవాళ్లు మొదటిదానితోనే మొదలుపెట్టి, నివేదికలు చూసుకుంటూ ముందుకెళ్లాలి.

2024 ఫిబ్రవరి నుంచి ఏం మారింది?

రోజుకు 5 వేలకు పైగా మెయిళ్లు పంపేవారికి ఈ మూడూ ఉండాల్సిందేనని జీమెయిల్ నియమం పెట్టింది. యాహూ కూడా భారీగా పంపేవారికి ఇదే దారి పట్టింది. ఇలాంటి మార్కెటింగ్ మెయిళ్లలో ఒక్క క్లిక్‌తో బయటికి వెళ్లే 'అన్‌సబ్‌స్క్రైబ్' కూడా ఉండాలి. 2025 మే నుంచి ఔట్‌లుక్ కూడా 5 వేలు దాటినవారిని ఈ మూడు తాళాలూ అడుగుతోంది. 'మేం అన్ని పంపం కదా' అంటారా? చిన్నవాళ్లయినా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలన్నది జీమెయిల్ మాట.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి. 'ఇది స్పామ్' అనే ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 శాతం లోపుంటే మేలు. అంటే వెయ్యి మెయిళ్లకు ముగ్గురు విసుక్కుంటే చాలు, మీ పేరు పాడైనట్టే!

మావాడు చేసిన తప్పులు

ఒకటి, సొంత డొమైన్ లేకుండా మామూలు జీమెయిల్ చిరునామానే 'ఫ్రమ్'లో పెట్టి, వేరే బల్క్ టూల్ నుంచి పంపాడు. గూగుల్ దృష్టిలో అది తన పేరు పెట్టుకుని వచ్చిన ఎవరిదో బండి. రెండు, కొన్న జాబితా. అందులో చాలా ఐడీలు ఎప్పుడో మూతపడ్డాయి. మిగతావాళ్లు ఇతనెవరో ఎరుగరు. మూడు, వద్దనుకుంటే తప్పుకునే దారి ఇవ్వలేదు.

మొదట ఆ జాబితా తీసేయించాను. 'పైసలు పెట్టి కొన్న గదన్నా' అని బాధపడ్డాడు. కానీ అనుమతి లేని ఐడీలతో ఎన్ని తాళాలు పెట్టినా లాభం లేదు. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 కూడా సమ్మతికే పెద్దపీట వేసింది. తర్వాత సొంత డొమైన్ తీసుకుని మూడు రికార్డులూ పెట్టాం. తెలిసినవాళ్లను, ఒకసారి కొన్నవాళ్లను అడిగి జాబితా రాసుకున్నాం. అరవై మంది తేలారు. అంతే! మొదట ఇరవై మందికి పంపాం. ఆఫర్ల గోల లేకుండా పసుపు ఎప్పుడు తవ్వామో, ఎలా ఆరబెట్టామో రాశాం. కొందరు తిరిగి జవాబిచ్చారు. హైదరాబాద్ నుంచి ఒకరు రెండు కిలోలు అడిగారు. ఐదు క్వింటాళ్లు ఒక్క నెలలో అమ్ముడుపోలేదు, కొంత మళ్లీ యార్డుకే వెళ్లింది. కానీ అప్పు తీరింది. చిన్నాన్న ఈసారీ కొంత ఆపుతానంటున్నాడు.

ఇందులో ఉద్యోగాలున్నాయా?

ఉన్నాయి. బ్యాంకులు, ఈ-కామర్స్ సంస్థలు, మెయిల్ పంపే సేవల కంపెనీలకు 'ఈమెయిల్ డెలివరబిలిటీ' తెలిసినవాళ్లు కావాలి. ఓటీపీ, బిల్లు, ఇంటర్వ్యూ పిలుపు స్పామ్‌లో పడితే నష్టం ఎవరికో మీకే తెలుసు. ఏ బ్రాంచ్ వాళ్లయినా ఇలా మొదలుపెట్టొచ్చు:

- ఒక డొమైన్ కొని, మూడు రికార్డులూ మీ చేత్తో మీరే పెట్టండి.
- జీమెయిల్‌లో వచ్చిన మెయిల్ తెరిచి, మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. మూడింటి పక్కనా 'పాస్' ఉందేమో చూడండి.
- తిరిగొచ్చిన మెయిళ్ల కోడ్‌లు చదవండి. 4తో మొదలైతే తాత్కాలిక ఇబ్బంది, మళ్లీ ప్రయత్నించొచ్చు. 5తో మొదలైతే శాశ్వత తిరస్కారం. చిరునామానే లేదని వస్తే దాన్ని జాబితాలోంచి తీసేయాలి.
- గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ ఉచితం. మెయిళ్లు ఎక్కువగా పంపే డొమైన్‌కు ఫిర్యాదుల శాతం అందులో కనిపిస్తుంది.
- మీ ఊళ్లో ఒక చిన్న వ్యాపారికి ఇవన్నీ సరిచేసి పెట్టండి. రెజ్యూమెలో చెప్పుకోవడానికి అంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మొదలైంది, దాని కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది. మా వైపు పొడి, ప్యాకెట్ల మాట ఇంకా పెరుగుతుంది. వాళ్లకు వెబ్‌సైట్ చేసిచ్చేవాళ్లు దొరుకుతారు. పంపిన మెయిల్ చేరిందా అని చూసేవాళ్లే తక్కువ. ఆ పని మీరు నేర్చుకోండి. ఈ రోజే మీ మెయిల్ ఒకటి తెరిచి 'షో ఒరిజినల్' నొక్కి చూడండి మరి!